తాడు అవతలి కొస

సౌభాగ్యవతి సాయోకి,

రంగూన్ రేవు పక్కనున్న యుద్ధఖైదీల శిబిరం నుంచి నీ మగడు ఇసోకిచి రాస్తున్నది. నేను ప్రాణాలతో ఉన్నాను, కడుపుకి ఇంత పడుతోంది, జ్వరం తగ్గింది. మీరందరూ చల్లగా ఉన్నారని చదివి ఉత్తరాన్ని కళ్ళకద్దుకున్నాను. పక్క చాపమీదున్న తరుయి అది చూసి, "జీతం వచ్చిందా ఏంటి, అంత భక్తి?" అని నవ్వాడు. ఈ తరుయి ఎవరో ముందుముందు నీకే తెలుస్తుంది.

ఈ ఉత్తరం శిబిరం తపాలాలో వెయ్యటం లేదు. జబ్బుచేసినవాళ్ళని ముందు ఓడలో ఇంటికి పంపేస్తున్నారు. వాళ్ళలో మన కోస్తావాడొకడు దీన్ని చొక్కా లోపల కుట్టుకుని తెస్తానన్నాడు. మధ్యలో ఎవరూ విప్పి చదవరు కనక ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నువ్వు కూడా అమ్మకి చదివి వినిపించకు. పొలం పనికి వెళ్ళినప్పుడో ఎప్పుడో ఒంటరిగా చదువుకో.

నువ్వడిగినవాటికి జవాబులు. పళ్ళు ఊడలేదు, రెండు కదులుతున్నాయి. మన హమాకి పాలపళ్ళు ఊడుతున్నాయని రాశావు, మేమిద్దరం ఒకేసారి బోసినోళ్ళతో ఎదురుపడేలా ఉన్నాం. తిండి అన్నమే, కాకపోతే ఇక్కడి బియ్యం పొడిపొడిగా ఉండి గాలికి ఎగిరిపోతుంది. ముద్ద కట్టదు. ఉప్పు వేసిన రేగుపండు ఒక్కటి దొరికితే చాలని రోజూ అనుకుంటాను. నువ్వు వీధి చివర నిలబడి, వచ్చేపోయే ఆడవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, నాకు తూటా తగలకూడదని ఒక్కొక్కరిచేత ఒక్కో ముడి చొప్పున ఎర్రదారంతో వెయ్యి ముళ్ళు వేయించిన నడికట్టు ఇంకా నా నడుముకే ఉందా అని అడిగావు. లేదు. పేలు పట్టినా విప్పలేదు, చాలాకాలం కాపాడాను. చివరికి ఎక్కడ పోయిందో రాస్తాను.

ఇక నువ్వు ఉత్తరం చివర్లో, ఏదో మామూలు సంగతిలా రాసిన మాట. మంచి జనపనార దొరికిందని, నేను వచ్చేసరికి కొత్త తాడు సిద్ధంగా ఉండాలని పేనుతున్నావట. నేను లేనప్పుడు పడవలో నీ తాడు పట్టే నాన్న చేతులు వణుకుతున్నాయట. అందుకని లోతు రాళ్ళ దగ్గర మునగటానికి పోకుండా, ఒడ్డునే తొట్టె తేల్చుకుని చిన్న చిప్పలు ఏరుకుంటున్నావట. "నా నడుముకి కట్టిన తాడు రెండో కొస నీ చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వను" అని రాశావు. ఆ వాక్యం చదివినప్పటి నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఇక్కడ రోజూ పొద్దున్నే ఓడకి వెళ్ళేవాళ్ళ పేర్లు చదువుతారు. నా పేరు రాకపోతే అందరితోపాటూ నేనూ మొహం వేలాడేస్తాను. లోపల మాత్రం హమ్మయ్య అనుకుంటాను. పెళ్ళాం పిల్లల దగ్గరికి వెళ్ళటానికి భయపడే మగాడు ఈ శిబిరం మొత్తంలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఎందుకో తెలియాలంటే ముందు నువ్వడిగిన ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పాలి.

రామ్రీ దీవిలో మనవాళ్ళని వందలకొద్దీ మొసళ్ళు తినేశాయని ఊళ్ళో అంటున్నారట, నిజమేనా అన్నావు. అన్నవాళ్ళెవరూ అక్కడ లేరు. తూటాలకి పోయినవాళ్ళు, ఉప్పునీళ్ళు తాగి మతి చెడి పోయినవాళ్ళు, బురదలో దిగబడి లేవలేక పోయినవాళ్ళు, వీళ్ళే ఎక్కువ. మొసళ్ళకి ఎంతమంది పోయారో చెప్పగలిగినవాడు లేడు. నేను చూసింది ఒక్కణ్ణే. ఆ ఒక్కడూ నా చేతిలో ఉన్న తాడు కొసన ఉన్నాడు.

ఇంగ్లీషువాళ్ళు దీవి మీద దిగాక మా పైవాళ్ళు మమ్మల్ని, కాపున్న కొండ వదిలేసి, మడ అడవిలోంచి అవతలి నేలకి చేరుకోమన్నారు. మడ అడవి అంటే నీకెలా చెప్పాలి? అది నేలా కాదు, సముద్రమూ కాదు. పోటు వస్తే చెట్ల మొదళ్ళదాకా నీళ్ళు, ఆటు వస్తే మోకాలు దాటి బురద. పాయల నోళ్ళన్నీ వాళ్ళ పడవలు కాపు కాశాయి, వెనక వాళ్ళ సైన్యం. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అనేవాళ్ళం ఇన్నాళ్ళూ. ఎండలో వేర్ల మధ్య నక్కి, పొగమంచు కమ్మినప్పుడు మాత్రమే కదిలేవాళ్ళం. తాగటానికి చుక్క మంచినీళ్ళు లేవు. నాలుక పిడచకట్టుకుపోయి, మాట్లాడితే నోట్లో చెప్పు కదిలినట్టుండేది.

అలా నడుస్తూ నడుస్తూ దళం చెదిరిపోయి మేం ముగ్గురం మిగిలాం. తరుయి మాకు పై అధికారి, అయినా రేవుల్లో తిరిగి పెరిగినవాడు కనక నోటికి అదుపు లేదు. ఇంటి దగ్గర పెద్ద చేపల పడవల మీద పనిచేసేవాడు. రెండోవాడు గెన్సాకు. నాకంటే చాలా పెద్దవాడు, కొండల్లో బొగ్గులు కాల్చుకునే మనిషి, తాటిచెట్టంత పొడుగు. సైన్యంలో చేరేదాకా సముద్రం మొహం చూడలేదు. నన్ను "తమ్ముడూ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి.

ఒకరోజు తెల్లవారుతుండగా ఒక పాయ ఒడ్డుకి వచ్చాం. అక్కడ ఒండ్రుమట్టి గట్టు మీద, నీళ్ళ నుంచి గడ్డిలోకి ఒక గాడి కనపడింది. నున్నగా, నడుమ లోతుగా. మన రేవులో చిన్నపడవని ఒడ్డుకి ఈడిస్తే ఎలాంటి గాడి పడుతుందో అలాగే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పడవ. ఎవడో పడవ ఈడ్చి గడ్డిలో దాచాడు," అన్నాను.

తరుయి వంగి వేలితో తడిమి చూశాడు. "ఇంకా తడే. ఇప్పుడే ఈడ్చినట్టుంది. దేవుడున్నాడురా."

పడవలు తెలిసినవాళ్ళం ఇద్దరం, ఇద్దరికీ అనుమానమే రాలేదు. ఆ గాడి వెంట గడ్డిలోకి దాదాపు పరిగెత్తాం. లోపల గడ్డంతా అణిగిపోయి ఒక పడక ఉంది. పడవ లేదు. గెన్సాకు ఇంకా గట్టు మీదే నిలబడి కిందకి చూస్తున్నాడు.

"తమ్ముడూ, పడవకి వేళ్ళుంటాయా?" అన్నాడు.

గాడికి అటూ ఇటూ, అడుగడుక్కీ, గోళ్ళు దిగిన గుర్తులున్నాయి. అవి నీళ్ళవైపుకి తిరిగి ఉన్నాయి. మేం నిలబడింది అది పడుకుని లేచిన చోట. వంగి గడ్డి మీద చెయ్యి పెట్టాను, ఎందుకు పెట్టానో తెలీదు. చుట్టూ మంచుకి తడిసి చల్లగా ఉంది, ఆ పడకలో మాత్రం తడి లేదు. మా అలికిడికే అది నీళ్ళలోకి జారింది, అవి మేం దాటాల్సిన నీళ్ళు. సాయో, తూటాలకి ఎప్పుడూ అంత భయపడలేదు. తూటాకి నేనెవరో తెలియదు, దీనికి మేం వచ్చామని తెలుసు.

ఇంకో దారి వెతుకుదామన్నాను. తరుయి ఒప్పుకోలేదు. మంచు విడిపోతే పడవల్లోంచి కనపడిపోతాం, పోటు మొదలైతే పాయ నిండిపోతుంది, ఆటు కనక ఇప్పుడు నడుమెత్తు నీళ్ళే ఉన్నాయి, ఇప్పుడే దాటాలన్నాడు. ఆ మాట తప్పు కాదు. తర్వాత తన రేవు తెలివి బయటపెట్టాడు. చేపల పడవలవాళ్ళు నీళ్ళలో పడితే గోచీ విప్పి వెనకాల పొడుగ్గా తేలనిస్తారట. సొరచేప దాన్ని చూసి, ఈ జంతువు నాకంటే పొడుగున్నదని తప్పుకుంటుందట.

"సొర వేరు, ఇది వేరు కదా," అన్నాను.

"నీటి జంతువులన్నిటికీ కళ్ళుంటాయిరా. నీకింకేదైనా ఉపాయం ఉంటే చెప్పు."

ముగ్గురి గోచీలూ విప్పి ముళ్ళు వేశాం. అదీ చాల్లేదన్నాడు. అప్పుడు నీ నడికట్టు విప్పి చివర కట్టాను. వెయ్యిమంది ఆడవాళ్ళు కాపాడతారేమో అనుకున్నాను.

గెన్సాకు ఆ తోకని చూసి, "మొసలి పొడుగు సంగతి ఏమో గాని, నా గోచీ వాసన తగిలితే చాలు, దేశం వదిలిపోతుంది," అన్నాడు. అంత భయంలోనూ ముగ్గురం గొంతు పైకి రాకుండా నవ్వాం. అదే ఆఖరు నవ్వు.

ముందు ఎవరు దిగాలన్న వాదన రాలేదు. అడుగున ఊబి ఎక్కడుందో తెలియదు, పొడుగువాడు ముందు నడిచి చూడాలి, తోకా అతని వెనకే కట్టాం. వదిలేసి వచ్చిన ఫిరంగిని లాగే తాడు తరుయి భుజాన ఉంది. దాన్ని గెన్సాకు నడుముకి కట్టి, రెండో కొస నా చేతికిచ్చాడు. దిగబడితే లాగాలి, అవతలికి చేరితే చెట్టుకి కట్టుకుంటాడు, మేం పట్టుకుని దాటతాం. ఆ పని నాదేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నా పెళ్ళాం నీళ్ళలో దిగుతుందని, నేను పడవలో తాడు పట్టి బతుకుతానని వాళ్ళకెప్పుడో తెలుసు, ఆ విషయం మీద నన్ను ఏడిపించని రోజు లేదు.

దిగబోతూ గెన్సాకు అడిగాడు. "కింద ఉన్న నీ ఇంటిదానికి ఏం కావాలో పైన నీకెలా తెలుస్తుంది తమ్ముడూ?"

"గట్టిగా ఒక్క గుంజు గుంజుతుంది. ఇక నేను ఆగను, పైకొచ్చేదాకా లాగుతూనే ఉంటా."

"నువ్వు కునుకు తీస్తుంటే?"

"అదే పైకొచ్చి నన్ను లోపలికి తోస్తుంది."

"మంచి ఇల్లాలు," అన్నాడు. "సరే, నేనూ ఒక్క గుంజే గుంజుతా. నీ చేతిలో తాడుంటే నాకు భయం లేదులే." ఉందని నాకు తెలుసు. నడుము దగ్గర ముడిని మళ్ళీ మళ్ళీ తడుముకున్నాడు.

నాలుగడుగులు వేసేసరికి మంచు అతన్ని మింగేసింది. తొడలదాకా బురదలో దిగబడి నేను తాడు వదులుతూ వచ్చాను. మనిషి కనపడడు, తాడే కనపడుతుంది. అది నాకు అలవాటే కదా, నువ్వు కిందికి వెళ్ళాక నేను చూసేదీ తాడునే. నా చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. భయం కూడా కొంచెం తగ్గింది. పాయ సగం దాటి ఉంటాడు అనుకున్నాను.

అప్పుడు గుంజు వచ్చింది. ఒక్కటే. చెప్పినట్టే.

లాగాను సాయో. నిన్ను ఎంత వడిగా లాగేవాణ్ణో అంత వడిగా, అంతకంటే ఎక్కువ. మూడు బారలు వచ్చింది, తర్వాత బరువెక్కింది. ఆ బరువు మనిషిది కాదు. తాడు రాయికి పట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, కింద నువ్వు నాచులో చిక్కుకుంటే ఎలా ఉంటుందో తెలుసు. ఇది అలా ఆగలేదు, ఎదురు లాగింది. ఆ తర్వాత నా అరచేతుల్లో తాడు తిరగటం మొదలైంది. అవతల ఏదో గిరగిరా తిరుగుతోంది, దానితో పాటు తాడు పేట్లు విచ్చుకుంటున్నాయి. మంచులోంచి నీళ్ళ చప్పుడు తప్ప అరుపు లేదు. నేను లాగుతూనే ఉన్నాను.

"ఒదిలెయ్ రా," అన్నాడు తరుయి వెనకనుంచి.

"ఉన్నాడు. ఇంకా ఉన్నాడు."

"అది కూడా ఉంది. దాన్ని మన దగ్గరికే తెస్తున్నావు. ఒదులు."

నా చేతులు వదలలేదు. తాడు పట్టేవాడు వదలకూడదని మా నాన్న నాకు నేర్పిన ఒకేఒక్క సూత్రం. బురదలో ముందుకి జారుతూ నడుము దాకా నీళ్ళలోకి వచ్చేశాను. ఎదురుగా మంచులో నల్లగా ఏదో నీళ్ళమీదికి లేచింది, గెన్సాకో, అదో. తరుయి నా భుజం మీదుగా వంగి తుపాకి కత్తితో తాడు కోసేశాడు. నేను వెనక్కి పడ్డాను.

తర్వాత తరుయి అన్నమాట నీకు రాయకూడదు, అయినా రాస్తున్నాను. "దాని నోరు నిండింది. దాటితే ఇప్పుడే దాటాలి," అన్నాడు. నా జుట్టు పట్టుకుని నీళ్ళలోకి ఈడ్చాడు. ఇద్దరం దాటాం. కాళ్ళకి ఏది తగిలినా అదే అనుకున్నాను. మధ్యలో గోచీల తోక తేలుతూ కనపడింది, దాని చివర నీ నడికట్టు. పట్టుకోవటానికి చెయ్యి చాచలేకపోయాను. అవతలి గట్టు ఎక్కాక తరుయి బురదలో మొహం పెట్టి వాంతి చేసుకున్నాడు. వాడు చేసింది తప్పని నేను అనను. వాడు కొయ్యకపోతే నీకు ఈ ఉత్తరం లేదు. ఒక్కసారే ఆ ఊసెత్తాడు. "కోసింది నేను. నువ్వెందుకురా కుమిలిపోతావ్?" అన్నాడు, అంతే.

నేను కుమిలిపోవటం లేదు. భయపడుతున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు చెప్తున్నాను, ముఖ్యంగా నీకు చెప్పకూడదనుకున్నది.

ఇక్కడ మాచేత రేవులో పని చేయిస్తున్నారు. మొదటిరోజు బియ్యం బస్తాని గిలకమీద దింపటానికి నన్ను తాడు దగ్గర నిలబెట్టారు, తాడు పట్టటం తెలిసినవాడని తరుయే చెప్పాడు. బస్తా ఊగి తాడు ఒక్కసారి గుంజింది. నా చేతులు తెరుచుకున్నాయి. జారలేదు సాయో. తెరుచుకున్నాయి. బస్తా నదిలో పడింది, కింద మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. ఎండకి చెయ్యి చెమటపట్టిందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకుందామని బావి దగ్గరికి వెళ్ళాను. చేద నిండి బరువు తెలిసేసరికి మళ్ళీ చేతులు విడిపోయాయి. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. బావిలో చేదలు తీయటానికి వేరే మనిషిని దింపాల్సి వచ్చింది. ఇప్పుడు నన్ను నీళ్ళకి పంపరు. "ఇసోకిచిని పంపితే బావి కూడా లోపల పడేసి వస్తాడు," అని నవ్వుకుంటారు. నేనూ వాళ్ళతో నవ్వుతాను.

కింద నుంచి తాడు గుంజితే, లాగితే ఏం పైకి వస్తుందో అని భయం. చేదలో నీళ్ళే ఉంటాయని నా బుర్రకి తెలుసు. చేతులకి తెలియటం లేదు. లోతు రాళ్ళ దగ్గర నువ్వు ఊపిరి బిగబట్టి, అంతా అయిపోయాక ఒక్క గుంజు గుంజుతావు. అప్పుడు ఈ చేతులు ఏం చేస్తాయో నాకు తెలుసు. పైన మొగుడున్నాడని నువ్వు అనుకుంటావు, పైన ఎవరూ ఉండరు.

అందుకని చెప్తున్నాను. ఆ తాడు పేనటం ఆపకు, కాని అది నాకు కాదు. మీ తమ్ముణ్ణి పిలిపించు. వాడు తిక్కవాడే, వాడి నోరు నీకు పడదు, కాని వాడి చేతులు మూసుకుంటాయి. నేను తెడ్డు వేస్తాను, చిప్పలు కడుగుతాను, నిప్పు రాజేసి నువ్వు చలి కాచుకోటానికి కూర్చుంటే పక్కన కూర్చుంటాను. నువ్వు పంతానికి పోయి తాడు నా చేతికే ఇస్తానంటే, నా పేరు పిలిచినరోజు నేను ఓడ ఎక్కను. కోపం తెచ్చుకో, ఫర్వాలేదు. బతికుండి కోపం తెచ్చుకో.

ఇంకొక్కటి అడుగుతాను. ఈ లోకంలో దీనికి జవాబు చెప్పగలిగేది నీలాంటివాళ్ళే. అడుగున నువ్వు తాడు గుంజాక, అది బిగుసుకుని నిన్ను పైకి తీసుకునేలోపు, ఆ చీకట్లో పైన నేనున్నానని నీకు తెలుస్తుందా? తాడులోంచి నా చెయ్యి తెలుస్తుందా, లేక నీటి బరువే తప్ప ఏమీ తెలియదా? నన్ను ఊరడించటానికి ఏదో ఒకటి రాయకు. ఏమీ తెలియదంటే, గెన్సాకు తను ఒంటరిగా ఉన్నాననుకుంటూనే పోయాడని అర్థం. తెలుస్తుందని నువ్వు రాస్తే బాగుణ్ణని ఇన్నాళ్ళూ కోరుకున్నాను. కాని ఇది రాస్తుంటే ఇప్పుడే తట్టింది. నా చెయ్యి అతనికి తెలిసి ఉంటే, తాడు తెగినప్పుడు అది కూడా తెలిసే ఉంటుంది. కోసింది ఎవరో మాత్రం అతనికి తెలియదు.

ఇట్లు,
నీ జవాబు కావాలనీ, రాకూడదనీ అనుకుంటున్న
హమా తండ్రి,
ఇసోకిచి